నడి మైదానం కుర్రాడికి జొన్నాడ నుంచి ఉత్తరం

చిరంజీవి మనవడికి తాతయ్య దీవించి రాయునది.

నువ్వు ఫోన్ చేసిన దగ్గర్నుంచి మీ నాయనమ్మకు ఒకటే బెంగ. ఇన్నాళ్లూ మైదానం మధ్యలో ఆడినవాణ్ణి తీసుకెళ్లి ఎడమ పక్కన నిలబెట్టారని, అక్కడ బంతి అందడమే గగనంగా ఉందని, ఇంటర్ అయ్యాక బూట్లు అటకెక్కించేస్తానని అన్నావట. ఇలాంటివి ఫోన్లో తేలే సంగతులు కావు. అందుకే ఈ ఉత్తరం. తీరిగ్గా కూర్చుని చదువుకో.

నీ ఆట ఇంట్లోవాళ్లకు కొత్త కాదు. గౌతమి ఇసుకలో పిల్లలతో ఆడినప్పటి నుంచీ నీకో గుణం ఉంది. అందరూ బంతిని చూస్తుంటే నువ్వు ఖాళీగా ఉన్న జాగాను చూస్తావు. అది నేర్పితే వచ్చేది కాదు. ఇంకో గుణం కూడా ఉంది. బంతి కాలికి తగిలిందంటే ఇద్దరు ముగ్గుర్ని దాటందే వదలవు. మొదటిది దేవుడిచ్చింది. రెండోదాని విషయంలో ఒక హైదరాబాద్ పంతులుగారు ఏం చేసేవారో విను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదివారు, బడిలో పాఠాలు చెప్పారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తయారుచేశారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఎత్తుకొచ్చింది. ఆయన కోచ్‌గా ఉండగానే భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన మీదే. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి. సినిమా కంటే నీకు పనికొచ్చేది వేరే ఉంది. ఆయన కుర్రాళ్లకు డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న షరతుతో పోటీలు పెట్టేవారు. బంతి అందినవాడు దాన్ని ఈడ్చుకుంటూ పోకూడదు, తోటివాడికి ఇచ్చెయ్యాలి. వాటం లేని కాలితోనే ఆడాలన్న పోటీలు కూడా పెట్టారు.

ఎందుకంటావ్? కాళ్లలోని గారడీ తీసేస్తే మిగిలేది చూపొక్కటే. ఎవరికివ్వాలో బంతి రాకముందే తెలిసినవాడు అలాంటి ఆటలో తేలతాడు, తెలియనివాడు తడబడతాడు. మైదానాన్ని చదవగలిగిన కుర్రాడెవడో పోల్చుకోవడానికి అంతకన్నా సులువైన పరీక్ష లేదు. నువ్వు అలాంటి ఆటలో నిలబడగలవా? ఈ ఆదివారం మీవాళ్లతో ఆడి చూడు. నిలబడితే, నిన్ను మధ్యలో ఆడించమని అడిగే హక్కు నీకుంది. నిలబడలేకపోతే, ముందు ఆ పని చూసుకో, చోటు సంగతి తర్వాత.

ఇక చోటు మారడం గురించి. దాన్ని అవమానంగా తీసుకుంటున్నావు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్ సింగ్‌కు అలా అనిపించి ఉంటే మన దేశానికి ఆ స్వర్ణం వచ్చేదో లేదో. ఆయన ఆసియాలోనే పేరుమోసిన డిఫెండర్. థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో తల పగిలి ఆరు కుట్లు పడ్డాయి. ఆ తలతో డిఫెన్స్‌లో నిలబడి వచ్చే బంతినల్లా కొట్టడం కష్టం. రహీం ఆయన్ని సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద ఒక గోల్. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద మరో గోల్. పి.కె. బెనర్జీ కొట్టినదానితో కలిపి 2–1. ఆ తర్వాత జర్నైల్ సింగ్ మళ్లీ డిఫెన్స్‌కే వెళ్లిపోయారు, భారత జట్టుకు కెప్టెన్ కూడా అయ్యారు. ఆ రెండు మ్యాచ్‌లూ జట్టుకు ఆయన అవసరం అక్కడ పడింది, అంతే.

పీటర్ తంగరాజ్ కథ దీనికి పూర్తిగా వేరు. హైదరాబాద్ రాజ్యంలో పుట్టి, మద్రాస్ రెజిమెంటల్ సెంటర్లో చేరినప్పుడు ఆయన సెంటర్ ఫార్వర్డ్. గోల్స్ కొట్టడానికి వెళ్లినవాడు గోల్స్ ఆపడంలో కుదురుకున్నాడు. ఆరడుగుల మూడంగుళాల మనిషి. 1958 నాటికి ఆసియాలోకెల్లా మేటి గోల్ కీపర్ అనిపించుకున్నారు. ఆ ఫార్వర్డ్ చోటునే పట్టుకుని వేలాడి ఉంటే ఇవాళ ఆ పేరు ఎవరికి గుర్తుండేది?

నీకు మరీ దగ్గరి కథ తులసీదాస్ బలరాంది. 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. రహీం కంట్లో పడ్డారు. ఊరినుంచి ప్రాక్టీసుకు రావడానికి డబ్బుల్లేవంటే సైకిలు అద్దె రహీమే ఇచ్చేవారు. 20 ఏళ్లకే మెల్‌బోర్న్ వెళ్లారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోల్ కొట్టారు. ఆయన ఒంటెద్దు ఆటగాడు కాదు, బంతిని పంచి ఆట నడిపించే రకం. లోపలి ఫార్వర్డ్‌గా ఆడారు, సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడారు. జకార్తాలో లోపలి చోట చుని గోస్వామి ఉంటే, ఆయన ఎడమ పక్కన ఆడారు. అవును, నిన్ను నిలబెట్టిన చోటే. బెనర్జీ, గోస్వామి, బలరాం అని ఆ ముగ్గుర్నీ ఇప్పటికీ ఒకే ఊపిరిలో చెబుతారు. ఎవరు ఏ పక్కన నిలబడ్డారని ఎవరూ అడగరు. ముగ్గురిలో ఆఖరుగా ఆయనే, 2023 ఫిబ్రవరిలో, కోల్‌కతాలో కన్నుమూశారు.

అలాగని కోచ్ ఏం చేసినా తల ఊపమని మీ తాతయ్య చెప్పడం లేదు. కోచ్‌లూ పొరబడతారు. పేరున్నవాళ్లు కూడా.

కార్లో అంచెలొట్టి 1996లో ఇటలీలో పార్మా జట్టుకు కోచ్. నలుగురు, నలుగురు, ఇద్దరు అన్న వరసలోనే ఆడించాలని అప్పట్లో ఆయన పట్టుదల. ఆ వరసలో ఫార్వర్డ్‌ల వెనక తిరుగుతూ ఆట అల్లేవాడికి చోటు లేదు. జట్టులో జాన్‌ఫ్రాంకో జోలా అని అలాంటివాడే ఉన్నాడు. పొట్టివాడు, పాదంలో సరస్వతి. అతన్ని ఎడమ పక్కకు తోశాడు అంచెలొట్టి. జోలా ఆ ఏడాది నవంబరులోనే చెల్సీకి వెళ్లిపోయాడు. 2003లో చెల్సీ అభిమానులు అతన్ని తమ క్లబ్బు చరిత్రలోనే గొప్ప ఆటగాడిగా ఎన్నుకున్నారు. మరుసటి ఏడు రాబర్టో బాజియో పార్మాకు వస్తానంటే అదే కారణంతో అంచెలొట్టి వద్దన్నాడు. అది తన మొండితనమని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. కాబట్టి నీ గోడు కొత్తదీ కాదు, ఉత్తినే పెట్టుకున్నదీ కాదు.

ఇప్పుడు ఆండ్రియా పిర్లో. 1979లో పుట్టిన బ్రెషా ప్రాంతపు కుర్రాడు. చిన్నప్పటి నుంచీ పదో నంబరు ఆట, అంటే ఫార్వర్డ్‌ల వెనక నిలబడి వాళ్లకు దారులు తెరవడం. 1998లో ఇంటర్ మిలాన్ తీసుకుంది. అక్కడ కుదురుకోలేదు. పెద్ద వేగం లేదు, కండ లేదు. 2001 జనవరిలో అరువు మీద మళ్లీ బ్రెషాకే పంపారు. వచ్చి చూస్తే పదో నంబరు చోట సాక్షాత్తూ బాజియో ఉన్నాడు! కోచ్ కార్లో మజోనె వయసు మళ్లినవాడు, లోకం చూసినవాడు. పిర్లోను పక్కకు నెట్టలేదు, బెంచీ మీదా కూర్చోబెట్టలేదు. వెనక్కి జరిపాడు, డిఫెండర్ల ముందుకు.

ఏప్రిల్ 1న టురిన్‌లో యువెంటస్‌తో మ్యాచ్. ఆ వెనక చోటు నుంచి పిర్లో తలెత్తి ఒక్కసారి చూసి, డిఫెండర్ల మీదుగా పొడవాటి బంతి వేశాడు. బాజియో పరుగు ఆపకుండానే దాన్ని కాలితో దింపుకుని, అదే కదలికలో గోల్ కీపర్ వాన్ డెర్ సార్‌ను దాటి, ఖాళీ గోల్‌లోకి నెట్టాడు. మ్యాచ్ 1–1. ఆ గోల్ వీడియో దొరుకుతుంది, చూడు. అందరూ బాజియో పాదాన్నే చూస్తారు. నువ్వు పాస్ పుట్టిన చోటు చూడు.

అక్కడ ఏం మారింది? కుర్రాడు మారలేదు, పాదం మారలేదు. పదో నంబరు చోట బంతి అందుకున్నప్పుడు ఆటగాడి వీపు గోల్ వైపు ఉంటుంది, మెడ మీద ఎదుటి జట్టు వాడి ఊపిరి తగులుతుంటుంది. తిరిగి చూసేలోపే బంతి పోతుంది. వెనక్కి వస్తే మైదానమంతా కళ్లముందు ఉంటుంది, చూసుకోవడానికి రెప్పపాటు కాలం దొరుకుతుంది. చూపున్నవాడికి ఆ రెప్పపాటే చాలు. మన కాలువల మీద లస్కరును చూశావు కదా. ఆయన ఏ చేలోనూ దిగడు. లాకు దగ్గర నిలబడి, ఏ తలుపు ఎంత ఎత్తితే ఏ ఊరికి నీళ్లు వెళ్తాయో చూసి ఎత్తుతాడు. పిర్లోకు దొరికింది ఆ పని.

ఆ వేసవిలో పిర్లో ఏసీ మిలాన్‌కు వెళ్లాడు. నవంబరులో అక్కడికి కోచ్‌గా వచ్చిందెవరు? ఆ అంచెలొట్టే. ఆయన తర్వాత చెప్పుకున్న మాట ప్రకారం, డిఫెండర్ల ముందు ఆడతానని పిర్లోయే వచ్చి అడిగాడు. ఆయనకు మొదట నమ్మకం కుదరలేదు. ఆడించి చూశాక కుదిరింది. జోలా దగ్గర పట్టు విడవని మనిషే పిర్లో దగ్గర విన్నాడు. 2003లో, 2007లో మిలాన్ చాంపియన్స్ లీగ్ గెలిచింది. 2006 ప్రపంచ కప్ ఇటలీకి వచ్చినప్పుడు ఫైనల్లో ఉత్తమ ఆటగాడు పిర్లో. ఒక్క సంగతి మాత్రం మర్చిపోకు. పిర్లో పక్కన గట్టూసో అనే కొండలాంటి మనిషి పరిగెత్తేవాడు, ట్యాకిల్ చేసేవాడు, ఎదుటివాళ్ల కాళ్లలోంచి బంతి లాక్కొచ్చి ఇచ్చేవాడు. వెనక చోటు అడిగే ముందు, నీ జట్టులో ఆ పని ఎవరు చేస్తారో కూడా ఆలోచించి అడగాలి. అక్కడ బంతి పోగొట్టుకుంటే నీ వెనక ఇద్దరు డిఫెండర్లు, గోల్ కీపర్ తప్ప ఎవరూ ఉండరు. ముగ్గుర్ని దాటే సరదా అక్కడ సాగదు.

పక్కన ఆడినా చూపు వృథా కాదనడానికి మన దేశంలోనే ఇటీవలి మనిషి సహల్ అబ్దుల్ సమద్. కేరళ కుర్రాడు, మధ్యలో ఆట అల్లేవాడు. 2018–19లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) వర్ధమాన ఆటగాడి బహుమతి కూడా వచ్చింది. గోల్స్ మాత్రం అంతంతే. 2021–22లో కోచ్ ఇవాన్ వుకొమనోవిచ్ అతన్ని పక్కన ఆడించాడు. అయితే గీత పట్టుకుని నిలబడమనలేదు, లోపలికి దూసుకురానిచ్చాడు. ఆ సీజన్లో ఆరు గోల్స్ కొట్టాడు. అందులో ఒకటి సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లో జంషెడ్‌పూర్ మీద, ఆ మ్యాచ్‌లో అదొక్కటే గోల్. అతని కేరళ జట్టు ఫైనల్ దాకా వచ్చింది. గాయపడి సహల్ ఫైనల్ ఆడలేకపోయాడు. ఆ ఫైనల్లో గెలిచింది మన హైదరాబాద్ ఎఫ్‌సీ.

ఇప్పుడు నీ పని. కోచ్ గారు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లు. మ్యాచ్ ఓడిన రోజు వెళ్లకు, తోటివాళ్ల ముందు అడగకు. ‘నన్నెందుకు తీసేశారు సార్’ అనొద్దు. ‘ఎడమ పక్కన నాతో ఏం చేయించాలని మీ ఉద్దేశం సార్’ అని అడుగు. ఆయన దగ్గర జవాబుంటే, ఫలానా డిఫెండర్‌ను లోపలికి లాగాలి, ఫలానావాడు నీ వెనకనుంచి ముందుకు పరిగెత్తుతాడు అని చెబితే, అది నీ చూపును నమ్మి ఇచ్చిన చోటు. మనసు పెట్టి ఆడు. ‘ఇంకెవరూ లేరు, అందుకని’ అన్నారనుకో, అది జర్నైల్ సింగ్ చేసినదానిలాంటి పని. కాదనకు. కానీ ఎన్నాళ్లో అడుగు, మధ్యలో ఒక సగం ఆట ఆడించి చూడమని మర్యాదగా అడుగు. ‘నువ్వు బక్కగా ఉన్నావు, మధ్యలో నిన్ను తోసేస్తారు’ అంటే మాత్రం పిర్లో మాట చెప్పు. బలం చాలనివాడికి పక్క గీత ఒక్కటే దారి కాదు. కాస్త వెనక్కి జరిపి చూడమను. అడగడం తప్పు కాదు నాయనా, అలిగి బూట్లు దాచుకోవడం తప్పు.

ఇంకొకటి, ఇది ఎవరినీ అడక్కుండా రేపు పొద్దున్నుంచే మొదలుపెట్టొచ్చు. నార్వేలో గీర్ యోర్డెట్ అనే పరిశోధకుడు పెద్ద పెద్ద మిడ్‌ఫీల్డర్ల తలల కదలికలు వీడియోల్లో లెక్కపెట్టాడు. బంతి తమ దగ్గరికి వచ్చేలోపు అటూ ఇటూ ఎక్కువసార్లు చూసుకునేవాళ్ల పాస్‌లే ఎక్కువగా గమ్యం చేరుతున్నాయని తేల్చాడు. బార్సిలోనాకు ఆడిన చావి ఆ చూపులో అందరికన్నా ముందున్నవాళ్లలో ఒకడు. నువ్వేం చేస్తున్నావో తెలుసా? బంతి తోటివాడి కాలు వదిలిన క్షణం నుంచి నీ కాలికి తగిలేదాకా బంతినే చూస్తావు, ఆ తర్వాత తల ఎత్తుతావు. అప్పటికి ఆలస్యమైపోతుంది, అందుకే ముగ్గుర్ని దాటాల్సి వస్తోంది. బంతి దారిలో ఉండగానే భుజం మీదుగా ఒకసారి వెనక్కి, ఒకసారి పక్కకు చూడు. ఒంటిని సగం తిప్పి నిలబడు. గోల్‌కు దగ్గరగా ఉన్న కాలితో బంతి తీసుకో. గోడకేసి బంతి కొట్టి, అది తిరిగి వచ్చేలోపు వెనక నిలబడ్డ మీ తమ్ముడు ఎన్ని వేళ్లు చూపిస్తున్నాడో చెప్పు. వాడికీ సరదాగా ఉంటుంది.

వచ్చే మ్యాచ్‌లకు బెంచీ మీద కూర్చున్న స్నేహితుడి చేతికి ఒక నోటు పుస్తకం ఇవ్వు. నీకు బంతి ఎన్నిసార్లు అందింది, అందినప్పుడు నీ ముఖం ఎటుంది, ఎన్ని తాకిళ్లలో వదిలావు, ఆ తర్వాత బంతి మనవాళ్ల దగ్గర ఉందా పోయిందా, ఈ నాలుగే రాయమను. ఎడమ పక్కన ఆడిన మ్యాచ్‌లు వేరేగా, మధ్యలో ఆడిన సమయం ఉంటే అది వేరేగా. కోచ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పుస్తకం పట్టుకెళ్లు. ఆ పేజీలు ఫోటో తీసి ఇక్కడికి కూడా పంపించు. కూర్చుని చూద్దాం, నీ చూపు ఏ చోట ఎక్కువ పనికొస్తోందో.

మీ నాయనమ్మ ఆత్రేయపురం పూతరేకులు తెప్పించి మీ బాబాయి చేత పంపిస్తోంది. తోటి పిల్లలకూ పెట్టు.

ఆశీస్సులతో,
తాతయ్య
జొన్నాడ