సిగ్గు పిల్లలది కాదు

ముషీరాబాద్ నుంచి అడిక్‌మెట్ మీదుగా తార్నాక వచ్చే దారిలో గోడల మీద 'గుప్తరోగాలకు గ్యారంటీ చికిత్స' పోస్టర్లు కనిపిస్తూనే ఉంటాయి. ఒకదాని మీద ఒకటి అంటించి, సగం చిరిగి, ఫోన్ నంబరు మాత్రం మిగిలి. ఉస్మానియా హాస్టల్ కుర్రాడితో వృషణాల గురించి మాట్లాడుతున్నది ఆ గోడలే. పాఠం చెప్పుకుని బతికే నేను మాట్లాడను.

తెలియక కాదు. వృషణాల క్యాన్సర్ మన దేశంలో అరుదు, లక్ష మంది మగవాళ్లలో ఏడాదికి ఒకరికి కూడా రాదు. వచ్చేది మాత్రం ఎక్కువగా 15-35 ఏళ్ల మధ్య. నా క్లాసులో కూర్చునే వయసు! పుట్టినప్పుడు వృషణం కిందికి దిగనివాళ్లకు ముప్పు ఇంకాస్త ఎక్కువ. గడ్డ తరచుగా నొప్పి పెట్టదు, అందుకే కుర్రాళ్లు నెలల తరబడి ఊరుకుంటారు.

క్రికెటర్ యువరాజ్ సింగ్ కథ మాత్రం ఎన్నోసార్లు చెప్పాను. 2012లో అమెరికాలోని ఇండియానాపోలిస్ వెళ్లి డాక్టర్ ఐన్‌హార్న్ దగ్గర చికిత్స చేయించుకున్నాడని, 1970లలో సిస్‌ప్లాటిన్ మందుతో ఈ జబ్బుల తలరాత మార్చింది ఆయనేనని. యువరాజ్ గడ్డా ఈ జాతిదే, కాకపోతే ఛాతీలో వచ్చింది. ఛాతీ కాబట్టి నా నోరు లేచింది. సైక్లిస్టు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గరికొచ్చేసరికి 'క్యాన్సర్ వచ్చింది' అని దాటేస్తాను. 1996లో అతనికి వృషణంలో మొదలై మెదడు దాకా పాకిందని, అయినా బతికాడని చెప్పను.

పిల్లలు నవ్వుతారని సాకు. నవ్వితే పోయేది వాళ్ల పరువా? నా 'సార్' హోదా. అసలు కారణం అదే. రొమ్ము క్యాన్సర్ గురించి ఆడపిల్లలకు మేడమ్‌లు చెప్పాలంటాం, మగపిల్లలకు ఎవరు చెప్పాలని ఏ మీటింగ్‌లోనూ అడగం.

అలాగని భయపెట్టడమూ నాకు నచ్చదు. ఏ లక్షణమూ లేనివాళ్లకు స్క్రీనింగ్ అక్కర్లేదని అమెరికా నిపుణుల బృందం 2011లోనే చెప్పింది. తన ఒళ్లు మామూలుగా ఎలా ఉంటుందో తెలిస్తే చాలు. ఒకటి కాస్త కిందికి ఉండడం, వెనక మెత్తటి తాడులా తగలడం మామూలే. గట్టి గడ్డ, వాపు, బరువు మాత్రం మామూలు కాదు. స్కానింగ్‌తో, రక్తపరీక్షలతో చాలావరకు తేలిపోతుంది. ముందే దొరికితే దాదాపు అందరూ బతుకుతారు. ఒకటి తీసేసినా రెండోది బాగుంటే సాధారణంగా పిల్లలూ పుడతారు.

గాంధీ ఆసుపత్రి దగ్గరే ఉంది. అనుమానముంటే రేపే ఓపీకి వెళ్లండి. ఒంటరిగా వెళ్లడానికి మొహమాటమైతే నాకు చెప్పండి, వెంట వస్తాను.