ఎవరి భుజానికి ఎంత బరువు?



"కొండమీదివాళ్ళు పన్ను కట్టరు. వాళ్ళకు పెట్టే ఖర్చంతా మన పన్నుల డబ్బే" అనే మాట మైదానంలో తరచు వినబడుతుంది. అలా అనేవారిలో ఆదివారం దివ్యపూజకు వచ్చే మనవారూ ఉన్నారు. ఈ మాట నిజమేనా? న్యాయమేనా? మనస్సాక్షి ఎదుట నిలబడి ఆలోచిద్దాం.

మన్యం చరిత్రలో పన్ను కొత్తది కాదు. 1879లో రంప ప్రాంతపు కొండప్రజలు తిరగబడడానికి గల కారణాలలో కల్లు మీది పన్ను ముఖ్యమైనది. ఇంటి అవసరానికి గీసుకొనే కల్లుకు మన్సబుదారు "చిగురు పన్ను" వసూలు చేశాడు. తరువాత అబ్కారీ చట్టం వచ్చింది. కల్లు హక్కు గుత్తేదారుల చేతికి పోయింది. తమ చెట్టు కల్లు తాము తాగడానికి పైవానికి డబ్బు కట్టవలసి వచ్చింది. ఆ తిరుగుబాటు విశాఖ జిల్లా గొలుగొండ కొండలకు కూడా పాకింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడు సాగుకు అడ్డుపడింది. గూడెం కొండలలో రోడ్లు వేయడానికి సరైన కూలి ఇవ్వకుండా మనుషులను పనికి తోలారు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట వారు కదలడానికి ఇదీ ఒక కారణం. వెట్టి కూడా పన్నే. చేతిలో డబ్బు లేనివాని దగ్గర ఒంటి కష్టాన్ని గుంజుకొనే పన్ను అది.

సరే, అది గతం. మరి నేడు? వ్యవసాయపు రాబడిపై కేంద్రం ఆదాయపు పన్ను వేయదు. అయితే ఆ మినహాయింపు అరకులో కాఫీ పండించే గిరిజనునికి ఎంతో, మైదానంలోని పెద్ద ఆసామికీ అంతే. ఇక 2017 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన జి.ఎస్.టి.ని ప్రతివారూ కడుతున్నారు. సబ్బు, తలనూనె వంటి వాటిపై ఈ పన్నును 2025 సెప్టెంబరులో 18 శాతం నుండి 5 శాతానికి తగ్గించడం మంచిదే. సెల్‌ఫోను రీచార్జిపై మాత్రం 18 శాతం ఉంది. అరకు సంతలో చింతపండు అమ్ముకొని రీచార్జి చేయించుకొనే తల్లీ ఆ పన్ను కడుతుంది, విశాఖలో బంగళా ఉన్న వ్యాపారీ కడతాడు.

లెక్క చూడండి. నెలకు 8,000 రూపాయలు సంపాదించే కుటుంబమూ, 80,000 సంపాదించే కుటుంబమూ కొన్న వస్తువుల మీద చెరి 400 రూపాయల పన్ను కట్టాయనుకుందాం. మొదటివారి రాబడిలో అది ఇరవయ్యో వంతు. రెండవవారికి రెండువందలో వంతు. అంకె ఒక్కటే గాని బరువు ఒక్కటి కాదు. మరోవైపు, వారసత్వపు ఆస్తిపై ఉన్న ఎస్టేటు పన్ను 1985లో పోయింది. సంపద పన్నును 2015 బడ్జెటులో తీసివేసి, దానికి బదులు కోటి రూపాయలు దాటిన ఆదాయంపై సర్‌చార్జీ పెంచారు. ఏ పన్ను ఎంత ఉండాలో చెప్పడం గురువుల పని కాదు. బరువు ఎవరి మీద పడుతున్నదో అడగడం మాత్రం ప్రతి క్రైస్తవుని పని.

పునీత తోమాసు అక్వినాసు ఏడు శతాబ్దాల క్రితమే ఒక మాట తేల్చారు. చట్టం సమాజ క్షేమం కోసమే చేసినదైనా, బరువును తగని పాళ్ళలో పంచితే అది అన్యాయమే అన్నారు. పోపు 23వ జాన్ 1961 నాటి తమ లేఖలో, కట్టేవారి శక్తిని బట్టి పన్ను ఉండడమే న్యాయానికి మూలమని బోధించారు. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చదవండి. రాజుగారి పన్ను కట్టడానికి పేదలు పొలాలు కుదువబెట్టి, బిడ్డలను దాస్యానికి పంపిన రోజులవి. అధిపతియైన నెహెమ్యా ఆ ప్రజల బరువు చూసి, తనకు రావలసిన భత్యాన్ని పన్నెండేళ్ళు ముట్టలేదు.

న్యాయమైన పన్నును ఎగవేయడమో? 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం దానిని ఏడవ ఆజ్ఞ క్రిందనే, దొంగతనంతో పాటే చేర్చింది. ఆత్మశోధన చేసుకొనేటప్పుడు పొరుగువాని కోడిని పట్టుకొచ్చిన సంగతి గుర్తుకొస్తుంది. బిల్లు లేకుండా అమ్మిన సరుకు, వ్యవసాయపు రాబడిగా రాయించిన వ్యాపారపు లాభం గుర్తుకు రావు. అవి ఎవరి సొమ్ము? రోడ్డు లేని గూడెం నుండి నిండు గర్భిణిని డోలీలో మోసుకొచ్చే దుస్థితి ఈ మన్యంలో ఇంకా తీరలేదు. మనం దాచుకొన్న పన్ను ఆ రోడ్డులో ఒక గజమో, ఆ ఆసుపత్రిలో ఒక మందు సీసాయో అయివుండేది. సర్కారు సొమ్మును అధికారులు తింటున్నారు గదా అంటారా? తినడమూ పాపమే, లెక్క అడగవలసిందే. కాని ఒకరి దొంగతనం మరొకరి దొంగతనానికి అనుమతిపత్రం కాదు.

జక్కయ్య సుంకరి. ప్రభువు తన ఇంటికి వచ్చిన రోజున అతడు కీర్తన పాడి ఊరుకోలేదు. సగం ఆస్తి పేదలకు పంచుతానన్నాడు, అన్యాయంగా తీసుకొన్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటి లెక్కల పుస్తకం దాకా వెళ్ళింది.

డోలీ మోసేటప్పుడు బలమున్నవాడు బరువు ఎక్కువ పడేవైపు భుజం పెడతాడు. అతనిని ఎవరూ దాత అనరు, తోటి మనిషి అంటారు. కనుక ఈ వారం దుకాణంలో బిల్లు అడగండి. మీదే దుకాణమైతే అడగకముందే ఇవ్వండి. కొండమీదివారు పన్ను కట్టరనే మాట వినబడితే, మౌనంగా ఉండకుండా ఈ లెక్క చెప్పండి. న్యాయవంతుడైన తండ్రి దేవుడు మిమ్మును, మీ కుటుంబాలను దీవించునుగాక.