నాలుగింటికి అన్న ‘సరే’

మాస్టారు తర్కం పాఠాలు చెప్పి రిటైరయ్యారు. డాక్టరు లండన్‌లో లైంగిక ఆరోగ్య క్లినిక్‌లో పనిచేస్తారు. కొడుకింటికి వచ్చిన మాస్టారికీ ఆయనకీ మధ్య నడిచిన ఈ మాటల్లో నా మొగ్గు డాక్టరు వైపే. దాచుకోవడం దేనికి?

మాస్టారు: కెమ్‌సెక్స్ అంటే మత్తులో శృంగారమేగా? మన ఊళ్లో మందు కొట్టి చేసేవాళ్లు లేరా? దీనికో కొత్త పేరెందుకు?

డాక్టరు: ఆ పేరును ప్రచారంలోకి తెచ్చింది డేవిడ్ స్టువర్ట్. సోహోలోని 56 డీన్ స్ట్రీట్ క్లినిక్‌లో ఏళ్ల తరబడి పనిచేసి 2022లో పోయారు. ఇందులో ముఖ్యంగా వాడేవి క్రిస్టల్ మెత్, మెఫెడ్రోన్, ‘జీ’ అని పిలుచుకునే జీహెచ్‌బీ, జీబీఎల్. గే మగవాళ్లు కొందరు శుక్రవారం రాత్రి యాప్‌లో కబురందుకుని ఎవరి ఫ్లాట్‌లోనో కలుస్తారు. ఒక్కోసారి ఆదివారం దాకా నిద్రా ఉండదు, తిండీ ఉండదు.

మాస్టారు: మానెయ్యమని చెప్పక జాగ్రత్తలు నేర్పుతారా? దొంగకు తాళాలిచ్చినట్టు కాదూ?

డాక్టరు: ముందు మానెయ్యమంటే మా గుమ్మమే తొక్కరు.

మాస్టారు దాన్ని అంతటితో వదిలేశారు. అంత తేలిగ్గా వదలాల్సింది కాదు. కానీ ఆయన మనసు అప్పటికే వేరేదాని మీద ఉంది.

మాస్టారు: నన్ను పీడించేది సమ్మతి. సాయంత్రం ఏడింటికి తలుపు తట్టినవాడు ‘సరే’ అన్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి, జీ తలకెక్కాకా ‘సరే’ అంటాడు. ఆ రెండోది ఎవరి మాట?

డాక్టరు: జీ విషయంలో కోరుకున్న మత్తుకీ స్పృహ తప్పడానికీ వెంట్రుకవాసి తేడా. మద్యం తోడైతే ఊపిరే ఆగొచ్చు. స్పృహ లేనివాడితో జరిగితే అది అత్యాచారం, అందులో చర్చ లేదు.

మాస్టారు: స్పృహ తప్పకముందో?

డాక్టరు: కష్టమంతా అక్కడే. నాకు దొరికేది ఏడింటి మనిషి. ఎన్నింటికి ఇంటికెళ్లిపోతాడు, ఏది ససేమిరా చెయ్యడు, పడిపోతే కనిపెట్టి చూసేదెవరు, ఇవన్నీ అతనిచేతే రాయిస్తాను.

మాస్టారు: అంటే సమ్మతిని ముందే తీసిపెడుతున్నారు.

డాక్టరు: సమ్మతిని కాదు, నిరాకరణను. ఏడింటి ‘వద్దు’ నాలుగింటికీ చెల్లుతుంది. ఏడింటి ‘సరే’ చెల్లదు.

మాస్టారు: ఎందుకా పక్షపాతం?

డాక్టరు: ఇచ్చిన ‘సరే’ను ఏ క్షణమైనా వెనక్కి తీసుకోగలగాలి. మత్తు ఆ శక్తినే తీసేస్తుంది. ‘వద్దు’ను వెనక్కి తీసుకోలేకపోతే మాత్రం పోయేది ఒక రాత్రి సరదా.

మాస్టారు తలూపారు. తొందరపడ్డారనిపించింది. ఇద్దరిలో ఏడింటివాడే అసలు మనిషని తేల్చిందెవరు? పుట్టిన దగ్గర్నుంచీ భయపడుతూ పెరిగినవాడికి నాలుగింటికే నిజం నోట్లోంచి రావచ్చు. నేనైతే అక్కడ పట్టుకునేవాణ్ణి.

ఆయన చట్టం మీదకు మళ్లారు. మన దేశంలో ఒకప్పటి 377వ సెక్షను, పెద్దలు ఇష్టపడి కలిస్తే నేరం కాదన్న 2018 సెప్టెంబరు 6 తీర్పు, ఆ చర్చ చాలాసేపు సాగింది. తీర్పొస్తే ఇంట్లో పెళ్లిసంబంధాలు చూడ్డం ఆగిందా అన్నారు డాక్టరు. బ్రిటన్‌లో 2022లో జీని మాదకద్రవ్యాల బి తరగతిలోకి మార్చి శిక్ష పెంచారనీ, పక్కవాడు పడిపోయినా అంబులెన్సుకు ఫోన్ చేయడానికి చెయ్యి వణుకుతుందనీ చెప్పారు.

మాస్టారు: అయినా కొంత సిగ్గుండాలి. మనిషిని ఆపేది అదేగా.

డాక్టరు: హెచ్‌ఐవీ చికిత్సలో రిటోనవిర్, కోబిసిస్టాట్ అని ఉన్నాయి. తోటి మందును కాలేయం త్వరగా అరిగించేయకుండా అడ్డుపడటమే వాటి పని. మెత్, మెఫెడ్రోన్, జీ కూడా అలాగే ఒంట్లో పేరుకుంటాయి. ఎప్పుడూ వాడే మోతాదే ప్రాణం మీదకు తెస్తుంది. అవి వాడే సంగతి ఒకతను సిగ్గుపడి దాచాడు, నేను తెలియక ఆ మాత్ర రాశాను. ఆ సిగ్గు ఎవర్ని ఆపింది?

మాస్టారు: అడగాల్సింది మీరు.

డాక్టరు: ‘డ్రగ్స్ అలవాటుందా’ అంటే లేదంటారు. ‘పోయిన మూణ్ణెల్లలో ఏవేవి వాడారు, ముక్కుతోనా సూదితోనా’ అంటే చెబుతారు. సూదయితే హెపటైటిస్ సి పరీక్ష కూడా రాస్తాను. శుక్రవారం రాత్రి కండోమ్ లేదు, హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే ప్రెప్ కూడా వేసుకోలేదు అనుకోండి. తర్వాత వేసుకునే పెప్ మాత్రలు 72 గంటల్లోపు మొదలెట్టాలి, సోమవారం రాత్రితో గడువు సరి. ఆదివారం ఒళ్లు తెలియకుండా పడుకున్నవాడికి చేతిలో ఉండేది ఒక్క పగలు.

మాస్టారు: ఆ పగలు కాస్తా రానా వద్దా అని ఊగిసలాడితే?

డాక్టరు: అందుకే సోమవారాల్లో అపాయింట్‌మెంట్ లేకుండా వచ్చినా చూస్తాం. ఎందుకొచ్చారని రిసెప్షన్‌లో నలుగురి ముందూ అడగం.