నైవేద్యానికీ నోటికీ మధ్య

చాక్లెట్ ముక్కలు కలిపి కాల్చే కుకీ అనే బిస్కెట్టు 1930లలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, రూత్ వేక్‌ఫీల్డ్ నడిపిన టోల్ హౌస్ అనే భోజన వసతిగృహంలో పుట్టింది. అందులో ఉన్నవి పిండి, చక్కెర, వెన్న, గుడ్డు, చాక్లెట్ వంటి మామూలు సరుకులే అయినా దాని మీద మమకారం దశాబ్దాలుగా చెక్కుచెదరలేదు. ఆ ఆకర్షణ వస్తువులో ఉందా, తినేవారిలో ఉందా అన్నది పాకశాస్త్రం తేల్చగలిగేది కాదు, వేదాంతానికి పాత ప్రశ్న.

కఠోపనిషత్తు అప్పటికప్పుడు హాయిగా తోచే ప్రేయస్సునూ, చివరకు మేలు చేసే శ్రేయస్సునూ వేరుచేసి, వివేకి రెండోదాన్నే ఎంచుకుంటాడని బోధిస్తుంది. ఆ లెక్కన తీపి యావత్తూ ప్రేయస్సే. అయితే జొన్నరొట్టె, సంగటి నిత్యాహారంగా బతికిన కర్నూలు, కడప మెట్టసీమలో తీపి పండగనాటి మాట కనుక, ఇక్కడి భక్తి దాన్ని వదులుకొమ్మనడం కన్నా నోటికి చేరేముందు ఒకచోట ఆగనివ్వడానికే మొగ్గింది. ఆ ఆగడమే నైవేద్యం, అంటే దేవునికి నివేదించడం. అక్కడి నుంచి తిరిగి వచ్చిన పదార్థం ప్రసాదం, అంటే అనుగ్రహం.

తుంగభద్ర ఒడ్డున 1671లో మాధ్వ యతి రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం, అంటే సజీవ సమాధి, చేసిన మంత్రాలయానికి సంబంధించిన ఐతిహ్యం ఈ ఆగడాన్నే కథగా చెబుతుంది. ఆదోని నవాబు సిద్ది మసూద్ ఖాన్ పరీక్షించదలచి, మాంసమున్న పళ్లెం మీద గుడ్డ కప్పి సమర్పించగా, స్వామి తీర్థం చల్లి గుడ్డ తీయించేసరికి పండ్లు కనిపించాయనీ, అందుకు చలించిన నవాబు ఇప్పటి మంత్రాలయమైన మంచాల గ్రామాన్ని ఇచ్చాడనీ అంటారు. మహిమను నమ్మడం నమ్మకపోవడం అటుంచితే, కథలో పదార్థమే మారింది. నేడు మఠంలో భక్తులు అందుకునే పరిమళ ప్రసాదంలో మాత్రం నెయ్యి నెయ్యిగా, చక్కెర చక్కెరగానే ఉంటాయి, మారేది తినేవాడి చేయి చాచే తీరు.

అద్వైతం ప్రకారం కోరిక తీరి మనసు క్షణకాలం నిశ్చలమైనప్పుడు ఆత్మానందమే అందులో ప్రతిఫలిస్తుంది, తీపిది నిమిత్తమాత్రపు పాత్ర. అదే నిజమైతే ఏ తీపైనా మరో తీపికి బదులు కావాలి కానీ, ఫలానాదే కావాలని పట్టుపట్టినవాడు బదులును ఒప్పుకోడు. రాఘవేంద్రులు అనుసరించిన మధ్వమతం, అంటే ద్వైతం, దేవుడు, జీవులు, జడవస్తువుల మధ్య ఐదు విధాల భేదాలు సత్యమనీ, ఒక జడవస్తువు మరొక జడవస్తువు కాదన్నది వాటిలో ఒకటనీ అంటుంది. తిండి విషయంలో లోకమంతా తెలియకుండానే ద్వైతులు కాబోలు.

నోటికి చేరేముందు ఇలా ఆగడం మఠాలకే పరిమితం కాదు. మొహర్రం మాసంలో కర్నూలు, కడప పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి చేసుకునే పీర్ల పండగలో మలీదా ఉంటుంది. రొట్టెను నలిపి, బెల్లం, నెయ్యి కలిపిన తీపి ఇది. దాని మీద ఫాతిహా, అంటే ఖురాన్ మొదటి అధ్యాయం, చదివించాకే పంచిపెడతారు. చదివింపులు ముగిసేదాకా పీర్ల చావిడి ముందు నిలబడ్డ పిల్లలకు వాసన అందుతుంది కానీ ముద్ద అందదు; కుకీ పొయ్యి నుంచి దిగి చల్లారేదాకా బల్ల చుట్టూ తిరిగే పిల్లల స్థితీ అదే, కాకపోతే అక్కడ ఎదురుచూపుకు వేడి తప్ప మరో కారణం లేదు.