ఉమ్మడి ఆస్తి పంపకం - పరలోక జవాబుదారీ



తండ్రి మరణించగానే ఆయన ఆస్తిలో వారసుల వాటాలు ఏర్పడిపోతాయి. ఎవరి వాటా ఎంతో అన్నిసా సూరాలోని 11, 12, 176 ఆయతులలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించాడు. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, భార్యకు చెల్లించని మహర్, మూడో వంతుకు మించని వీలునామా పోగా మిగిలినదంతా వారసులదే. మన దేశంలో ముస్లిముల వారసత్వానికి వర్తించే చట్టం కూడా ఈ వాటాలనే గుర్తిస్తుంది.

ఉదాహరణకు ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమారులను, ఒక కుమార్తెను వదలి మరణించాడు. ఆయన తల్లిదండ్రులు అంతకు ముందే చనిపోయారు. ఆయనకు 400 గజాల స్థలం ఉంది. అందులో భార్యకు ఎనిమిదో వంతు, అంటే 50 గజాలు. మిగిలిన 350లో కుమారులకు చెరి 140, కుమార్తెకు 70 గజాలు. ఈ లెక్క తెలియనివారు మనలో తక్కువ. అయినా ఏళ్ల తరబడి పంపకం జరగదు. ఇంటి అద్దె ఒకరే వసూలు చేసుకుంటారు. సోదరి నోరు తెరిస్తే, "నీ పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా!" అంటారు. పెళ్ళి ఖర్చు, కట్నం వారసత్వ వాటాకు బదులు కావు. బంధుత్వం తెగుతుందన్న భయంతో ఆమె పెట్టిన సంతకం మనస్ఫూర్తి సమ్మతి ఎలా అవుతుంది?

ఉహద్ యుద్ధంలో అమరుడైన హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఆస్తిని ఆయన సోదరుడు తీసేసుకున్నాడు. సఅద్ భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకొని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి ఫిర్యాదు చేసింది. వారసత్వ ఆయతు అవతరించిన తరువాత దైవప్రవక్త (స) ఆ సోదరుణ్ణి పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇప్పించారు. మిగిలినదే ఆయనకు దక్కింది. హక్కు అడిగినందుకు ఆ తల్లిని ఎవరూ తప్పుపట్టలేదు. కాబట్టి న్యాయం కోసం కోర్టుకెక్కిన సోదరిని బంధుత్వం తెంచినదని నిందించకండి. బంధుత్వాన్ని తెంచింది ఆమె వాటాను అట్టిపెట్టుకున్నవారు!

కోర్టులో పంపకం రెండు దశల్లో జరుగుతుంది. మొదట ఎవరి వాటా ఎంతో తేల్చుతూ ప్రాథమిక డిక్రీ ఇస్తారు. తరువాత కమిషనర్ స్థలం చూసి, కొలతలు వేసి నివేదిక ఇస్తాడు. దానిపై అభ్యంతరాలు విన్నాక తుది డిక్రీ వస్తుంది. ఇల్లు చిన్నదై వాటాలుగా విడగొట్టడం వీలుకాకపోతే, సగం లేదా అంతకుమించి వాటా ఉన్నవారు కోరినప్పుడు, 1893 నాటి పంపకాల చట్టం ప్రకారం కోర్టు అమ్మకానికి ఆదేశించవచ్చు. ఇతర వాటాదారులు కోర్టు కట్టిన వెలకు కొనుక్కుంటామని కోరవచ్చు. ఈ తతంగం పూర్తయ్యేలోగా ఎన్నో ఏళ్ళు గడచిపోతాయి. అందుకే లోక్ అదాలత్‌లో రాజీ మేలు. అక్కడి తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది. దానిపై అప్పీలు లేదు. అయితే రాజీ పేరుతో బలహీనుల వాటాను కోసేయడం రాజీ కాదు, దౌర్జన్యం.

డిక్రీ చేతికొచ్చినా మన బాధ్యత తీరిపోదు. హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసును గుర్తు చేసుకుందాం. ఇద్దరు వ్యక్తులు సాక్ష్యాలు లేని పాత వారసత్వ తగాదాతో దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. తానూ మానవుడినేనని, ఒకరి వాదన పటిమ వల్ల మరొకరి హక్కు వారికి ఇప్పించవలసి వస్తే అది అగ్నిఖండమేనని, దాన్ని తీసుకోవద్దని ఆయన హెచ్చరించారు. ఆ మాట విని ఇద్దరూ ఏడ్చేశారు. నా హక్కు నా సోదరునికే అని ఒకరికొకరు వదులుకున్నారు. అప్పుడు ఆయన న్యాయం ఏదో వెతికి పంచుకోమని, చీట్లు వేసుకోమని, ఆపై ఒకరినొకరు క్షమించుకోమని ఆదేశించారు.

ఆలోచించండి! స్వయంగా దైవప్రవక్త (స) ఇచ్చిన తీర్పే అన్యాయంగా పొందిన సొమ్మును హలాల్ చేయదంటే, దొంగ సాక్ష్యంతోనో దాచిన దస్తావేజుతోనో మనం గెలిచిన డిక్రీ చేయగలదా? జానెడు నేలను అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని కూడా ఆయన హెచ్చరించారు.

కనుక కోర్టు మెట్లెక్కకముందే ఇంట్లో కూర్చొని లెక్క తేల్చుకుందాం. ఆలిమును, నిష్పక్షపాతులైన పెద్దలను పిలుద్దాం. పంపకాన్ని కాగితం మీద పెట్టి రిజిస్టరు చేయిద్దాం. ఇప్పటికే దావా నడుస్తుంటే నిజమే చెబుదాం. ఇన్నాళ్ళూ ఒంటరిగా తిన్న అద్దెలో తోబుట్టువుల భాగాన్ని తిరిగి ఇచ్చేద్దాం.

ఒకరి హక్కును మెడకు చుట్టుకొని తన ముందు నిలబడే దుస్థితి నుండి అల్లాహ్ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.