అందరి ఎరుపూ కళ్లకలక కాదు

బెజవాడ వన్ టౌన్ వస్త్రలతలో ఒక చీరల కొట్టు గుమాస్తా ఉండేవాడు. ఎడమ కంటికి కార్నియా మార్పిడి జరిగి రెండేళ్లయింది. ఎవరో పుణ్యాత్ముడు పోతూ ఇచ్చిన పొర. మొదట్లో గడియారం చూసుకుని మరీ చుక్కలు వేసుకున్నాడు. చూపు కుదిరాక సీసా దేవుడి పటాల వెనక్కి చేరింది. చెకప్ 'వచ్చే నెల'లోకి జారింది.

ఆ వానాకాలం కాళేశ్వరరావు మార్కెట్లో ఎవరిని చూసినా కళ్లకలకే. గుమాస్తా కన్నూ ఎర్రబడింది. ట్యూబ్‌లైటు వెలుగుకే నీళ్లు కారాయి.

"ఊరందరికీ వచ్చిందే నీకూ వచ్చింది బాబాయ్, చుక్కలు తెచ్చుకో" అన్నాడు మూటల కుర్రాడు. మెడికల్ షాపువాడు ఇచ్చినవే వేసుకున్నాడు. మర్నాడు బిల్లులో 3 అంకె 8లా కనిపించింది.

బందరు నుంచి సరుక్కొచ్చిన ఒకావిడ అది కనిపెట్టింది. "అన్నయ్యగారూ, కుడి కన్ను మూసి ఆ ఎదురు బోర్డు చదవండి. మా ఆయనకీ మీలాగే పొర మార్చారు, ఎర్రబడితే కళ్లకలకే అనుకున్నారు. నొప్పి లేదు కదా అని పది రోజులు ఊరుకున్నాం. పొర తెల్లబడిపోయింది, మళ్లీ ఆపరేషనే."

బోర్డు అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి. ఉన్నపళాన ఆటో ఎక్కాడు.

డాక్టరమ్మ స్లిట్ ల్యాంపులో చూసి, "కొత్త పొర ఇల్లరికపు అల్లుడండీ. ఎన్నేళ్లున్నా, ఏదో ఒకరోజు ఒళ్లు పరాయివాడనొచ్చు" అంది. మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి స్టెరాయిడ్ చుక్కలు, ఆపైన నెలల తరబడి మెల్లగా తగ్గింపు. గుమాస్తా ఈసారి ఒక్క పూటా తప్పలేదు. 3 మళ్లీ 3 అయింది.

నీతి: మార్పిడి జరిగిన కంట్లో ఎరుపు, వెలుగు పడకపోవడం, చూపు మసకబారడం, నొప్పి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, ఎన్నేళ్ల తర్వాతైనా, ముందు రిజెక్షన్‌నే, అంటే ఒళ్లు ఆ పొరను తోసిపుచ్చడాన్నే, అనుమానించాలి. మామూలు కార్నియాలో రక్తనాళాలుండవు, కాబట్టి ఒంటి రక్షణ వ్యవస్థ కంట కొత్త పొర తేలిగ్గా పడదు. అందుకే 1905లో డాక్టర్ ఎడువార్డ్ జిర్మ్ చేసిన కార్నియా మార్పిడి స్టెరాయిడ్ చుక్కలు లేని రోజుల్లోనూ నిలిచింది. అలాగని రిజెక్షన్ రాదని కాదు, తొందరగా పట్టుకుంటే చాలాసార్లు వెనక్కి మళ్లుతుంది. ఇంట్లో మిగిలిన స్టెరాయిడ్ సొంతంగా వేసుకోవడమూ తప్పే: అది ఇన్ఫెక్షనైతే ముదురుతుంది, కంటి ప్రెషరూ పెరగొచ్చు. బెజవాడ వాళ్లకు తాడిగడపలోనే ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. కన్ను ఎర్రబడిన రోజే బయల్దేరండి, దారిలో మెడికల్ షాపు దగ్గర ఆగకండి.