అడవి ఇంటి అల్లుడు

కనుమనాడు అహోబిలంలో పారువేట మొదలవుతుంది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకీ ఎక్కి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ తిరుగుతారు. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాల్లో జరిగే తన పెళ్లికి స్వామే వచ్చి జనాన్ని పిలుస్తాడని ఆ ఊళ్ల నమ్మకం. బయలుదేరే వేళ ఆ నల్లమల అడవిలో ఉండే చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకీ మీదికి బాణం వేస్తారు. అపచారమని ఎవరూ అనరు. వాళ్ల ఆడపిల్లను చేసుకున్నవాడు కదా!

అక్కడే కొండల్లో ఉక్కుస్తంభం ఉంది. స్వామి చీల్చుకుని వచ్చిన స్తంభం అదేనని చూపిస్తారు. స్తంభంలోనూ ఉన్నాడని నిరూపించడానికి పుట్టిన అవతారం అది. అన్నిచోట్లా ఉన్నవాడికి మరి ఊరూరా తిరిగి పిలుపులు చెప్పుకోవలసిన పనేమిటి?

పురాణం ప్రకారం ఉగ్రుడైన స్వామి దగ్గరికి పోవడానికి దేవతలు భయపడ్డారు, లక్ష్మి కూడా జంకింది, పసివాడైన ప్రహ్లాదుడే ఎదుట నిలిచి శాంతింపజేశాడు. నల్లమల చెప్పుకునే కథ ఇంకో దారి పట్టింది. ఆ కోపిష్ఠి దేవుడు అడవిలో తిరుగుతూ చెంచుపిల్లను చూసి మనసు పడ్డాడు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. గడ్డలు తవ్వగలవా, తేనె తీయగలవా అని అడిగింది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన గోళ్లతో ఆయన మట్టి తవ్వాడు. నాకు ఈ రెండో కథే గొప్పగా తోస్తుంది. మొదటిదాంట్లో భక్తి దేవుణ్ణి చల్లార్చింది. ఇందులో ఆయన కష్టం చేసి పిల్లనిచ్చేవాళ్ల మన్నన సంపాదించుకోవలసి వచ్చింది. అడవి మనిషి ముందు దేవుడు పరీక్షకు నిలబడ్డాడు.

అయితే ఒక అనుమానం వదలదు. ఈ పెళ్లి కథ చెంచులకు దక్కిన గౌరవమా, లేక వాళ్ల కొండ దేవుణ్ణి పెద్ద గుడి తనలో కలుపుకున్న తీరా? రెండూ అయి ఉండవచ్చు. ఏది ముందో తేల్చే ఆధారం నా దగ్గర లేదు, తేల్చకపోయినా నష్టం లేదు. ఇప్పుడు అడగవలసింది వేరే ఉంది. వియ్యం అన్నాక రెండువైపులా బాధ్యత ఉంటుంది. పల్లకీకి దండం పెట్టిన చేతులు పిల్లనిచ్చినవాళ్లకు ఏం చేస్తున్నాయి?

ప్రభుత్వ జాబితాలో చెంచులు అత్యంత దుర్బల గిరిజన సమూహం. వాళ్లు తరతరాలుగా గడ్డలు తవ్వుకున్న నల్లమలలో చాలా భాగం నేడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అడవి మీద గిరిజనుల హక్కులను గుర్తిస్తూ 2006లో పార్లమెంటు చట్టం చేసింది. పులినీ మనిషినీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకరిని ఎంచుకోమనడం నాకు న్యాయంగా కనబడదు. ఆ అడవిలో రెండింటికీ చోటున్న కాలమే ఎక్కువ.

దేవుడికి తిరగవలసిన అవసరం లేకపోవచ్చు. గుడి గడప దాటి రాలేని ముసలివాళ్లకు, దారి ఖర్చు లేనివాళ్లకు ఆ అవసరం ఉంది. పారువేటలో నేను మొక్కేది ఆ ఆలోచనకే. ఈసారి అహోబిలం వెళ్తే తొమ్మిది నరసింహుల దర్శనంతో ఆగిపోకండి. దగ్గర్లోని చెంచుగూడేనికి కూడా వెళ్లండి. పిల్లలకు బడి ఉందా, సాగు చేసుకునే భూమికి పట్టా వచ్చిందా అని అడగండి. రాలేదంటే వాళ్ల తరఫున ఒక అర్జీ రాసిపెట్టండి.